సోంపేటలో శ్రుతి దిగిన ట్రంపెట్ – ఈ నెల జాజ్ ఉత్తరాలు

కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక్క మాట. విజయనగరం గంటస్తంభం దగ్గర సందులో నేను ముప్ఫై ఆరేళ్ళు రేడియో, టేప్‌రికార్డర్ రిపేరు షాపు నడిపాను. బాగుచేసిన సెట్టు షార్ట్‌వేవ్ పట్టుకుంటోందో లేదో చూడడానికి రాత్రిపూట వాయిస్ ఆఫ్ అమెరికా పెట్టేవాణ్ణి. జాజ్ నాకు అక్కడ దొరికింది. విల్లిస్ కోనోవర్ అనే ఆయన 1955లో మొదలుపెట్టి దశాబ్దాల పాటు ఆ జాజ్ కార్యక్రమం నడిపాడు. ఇంగ్లీషు అంతగా రానివాళ్ళకి కూడా అందాలని ఒక్కో మాటా విడివిడిగా, నిదానంగా పలికేవాడు. పాట మధ్యలో స్టేషన్ కొట్టుకుపోయేది, మళ్ళీ తేలేది. పోయినంతసేపూ ఊపిరి బిగబట్టి కూర్చునేవాణ్ణి. తర్వాత మా బావ ఓడల్లో పనిచేస్తూ యొకొహామా, కోబే రేవుల నుంచి రికార్డులు తేవడం మొదలుపెట్టాడు. ఇప్పుడు నా దగ్గర మూడొందల పైచిలుకు ఉన్నాయి. అన్నీ విన్నవే.

ప్రశ్న: మాస్టారూ, మా అన్నయ్య ఓడ దిగి వస్తూ కోబేలో సెకండ్‌హ్యాండ్ రికార్డు ప్లేయరు కొని తెచ్చాడు. 100 ఓల్టుల సెట్టని తెలుసు, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టే వాడుతున్నాం. అయినా ‘కైండ్ ఆఫ్ బ్లూ’ పెడితే మైల్స్ డేవిస్ ట్రంపెట్ నిద్రమత్తులో వాయించినట్టుంది. ఫోన్లో అదే పాట చురుగ్గా ఉంది. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి ఓల్టేజీ సరిగ్గానే ఉందన్నాడు. రికార్డు పాడయిందంటారా? – ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: రికార్డు బాగానే ఉంది బాబూ. ఎలక్ట్రీషియన్ చెప్పిందీ నిజమే. తేడా ఓల్టుల్లో లేదు, సైకిల్స్‌లో ఉంది.

సైకిల్స్ అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ మారుతుందో ఆ లెక్క. మన కరెంటు 50 సైకిల్స్. జపాన్‌లో సగం దేశానికి 50, సగం దేశానికి 60. తొలిరోజుల్లో టోక్యో వాళ్ళు జర్మనీ జనరేటర్లు, ఒసాకా వాళ్ళు అమెరికా జనరేటర్లు కొనుక్కున్నారు. ఆ తేడా ఇప్పటికీ అలాగే ఉండిపోయింది. కోబే ఒసాకా పక్కనే, అంటే 60 వైపు. పాత బెల్టు ప్లేయర్లలో చాలావాటికి మోటారు వేగం కరెంటు సైకిల్స్‌ని బట్టే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఓల్టులు తగ్గిస్తుంది గాని సైకిల్స్‌ని మార్చదు. అక్కడ నిమిషానికి 33 చుట్లు, ఇంకో చుట్టులో మూడోవంతు తిరిగే పళ్ళెం మీ ఇంట్లో 28 చుట్లయినా తిరగడం లేదు. మీ ట్రంపెట్ మూడు స్వరస్థానాలకి పైగా కిందికి దిగిపోయింది. హార్మోనియం ముందేసుకుని చూస్తే మీకే తెలుస్తుంది.

నా మాట మీద నమ్మకండి, లెక్కపెట్టి చూడండి. రికార్డు అంచున చిన్న కాగితం ముక్క అంటించి, సూది పైకెత్తి ఉంచి, పళ్ళెం తిప్పండి. ఫోన్లో మూడు నిమిషాలు పెట్టుకుని కాగితం మీ ముందు నుంచి ఎన్నిసార్లు పోయిందో లెక్కపెట్టండి. సరైన వేగమైతే కచ్చితంగా వంద రావాలి. మీకు ఎనభై మూడు దగ్గర ఆగుతుంది. ఇంట్లో చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్ ఉంటే ఇంకో దారి కూడా ఉంది. 180 గీతలున్న స్ట్రోబ్ డిస్కు పళ్ళెం మీద పెడితే, వేగం సరిగ్గా ఉన్నప్పుడు ఆ గీతలు కదలకుండా నిలబడిపోయినట్టు కనిపిస్తాయి. 216 గీతల వరస 60 సైకిల్స్ ఊళ్ళకి, అది మనకి పనికిరాదు. ఎల్‌ఈడీ బల్బు కింద మాత్రం ఈ పరీక్ష సాధారణంగా కుదరదు.

ఇక రిపేరు. ప్లగ్గు పీకి, పళ్ళెం ఎత్తి చూడండి. మోటారు ఇరుసు మీద బెల్టు తిరిగే చిన్న పుల్లీ ఉంటుంది. దాన్ని ఐదోవంతు లావు చేయాలి, అంతే పని. పది మిల్లీమీటర్లు ఉంటే పన్నెండు కావాలి. జపాన్ కంపెనీలు తమ దేశంలోనే రెండు రకాల కరెంటు ఉంది కాబట్టి చాలా సెట్లకి రెండు పుల్లీలూ ఇచ్చేవి, కొన్నిటికి ఒకే పుల్లీ మీద రెండు మెట్లు ఉండేవి. ముందు పళ్ళెం కింద, పెట్టె మూలల్లో టేపు వేసి అంటించిన ఇంకో పుల్లీ ఏమన్నా ఉందేమో వెతకండి. మా బావ తెచ్చిన సెట్టుకి అలాగే దొరికింది, ఇరవయ్యేళ్ళు ఎవరూ చూడలేదు దాన్ని. లేకపోతే పలాసలోనో శ్రీకాకుళంలోనో లేత్ పని చేసేవాళ్ళ చేత ఇత్తడిది తిప్పించండి. పాత పుల్లీ నమూనాగా ఇచ్చి, ఇరుసు కన్నం అచ్చం అంతే ఉండాలని గట్టిగా చెప్పండి. కన్నం వెంట్రుకవాసి పక్కకి పోయినా పాట వణుకుతుంది. ఈలోగా పనిగడవాలంటే హీట్‌ష్రింక్ స్లీవు, అంటే వేడి తగిలితే బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం, పొరలు పొరలుగా తొడిగి, వంద లెక్క వచ్చేదాకా చూసుకోవచ్చు.

బెల్టు లేకుండా మోటారే పళ్ళేన్ని తిప్పే, క్వార్ట్జ్ స్ఫటికం వేగాన్ని పట్టి ఉంచే డైరెక్ట్ డ్రైవ్ సెట్లకి ఈ బాధ లేదు. ఇంకోసారి మీ అన్నయ్య కొనేటప్పుడు అది అడగమనండి.

మీరు పెట్టిన రికార్డు ‘కైండ్ ఆఫ్ బ్లూ’ అని రాశారు కాబట్టి ఇంకో విషయం కూడా చెప్పాలి. 1959 మార్చి 2న న్యూయార్క్‌లో ఆ రికార్డు మొదటి వైపు మూడు పాటలూ పట్టినప్పుడు, టేపు మిషన్ కాస్త నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా పట్టిన టేపుని మామూలు వేగంతో వేస్తే శ్రుతి పైకి పోతుంది. స్వరస్థానంలో సగం కన్నా తక్కువే, కానీ ఉంది. ప్రపంచమంతా ముప్ఫై ఏళ్ళకి పైగా ఆ మూడు పాటల్నీ కొంచెం ఎక్కిన శ్రుతిలోనే విన్నది. రికార్డుతో పాటు వాయించుకుందామని కూర్చున్నవాళ్ళకి వాద్యం కలిసేది కాదు. సరైన వేగంతో నడిచిన రెండో మిషన్ టేపు దొరికాక, 1992లో దిద్దిన ప్రతి వచ్చింది. మొదటిసారి అది విన్నరోజు నేను షాపు షట్టరు దించేసి కూర్చున్నాను. అంతకాలం తెలిసిన మనిషి ముఖం మీది చెమట తుడుచుకున్నట్టు అనిపించింది.

ప్రశ్న: సార్, నేను మ్యూజిక్ కాలేజీలో వయొలిన్ నేర్చుకుంటున్నాను. జాజ్ వింటే చెయ్యి పాడవుతుందని ఇంట్లో అంటున్నారు. అసలు అందులో రాగం అంటూ ఉంటుందా? వయొలిన్ వాయించేవాళ్ళున్నారా? – ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: అమ్మా, ఇప్పుడే చెప్పిన రికార్డులోనే మొదటి పాట, ‘సో వాట్’, వయొలిన్ పక్కన పెట్టుకుని విను. ముందు పియానో, బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటి తీగల వాద్యం) కలిసి తాళం లేకుండా కొంచెంసేపు తడుముకుంటాయి. తర్వాత బేస్ ఒక ప్రశ్నలాంటి ముక్క వాయిస్తుంది, మిగతావాళ్ళు రెండే దెబ్బల్లో జవాబిస్తారు. ఆ పాటలో వాడిన స్వరాలు షడ్జం, చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. నీకు నేను చెప్పక్కర్లేదు, ఇరవై రెండో మేళం ఖరహరప్రియ. పదహారు గుత్తులు (ఇంగ్లీషులో బార్లు, ఒక్కోదానికి నాలుగు దెబ్బలు) ఆ శ్రుతిలో నడుస్తాయి, ఎనిమిది గుత్తులు మొత్తం మేళాన్ని ఒక్క స్వరస్థానం పైకి ఎత్తి అదే వరస వాయిస్తారు, మళ్ళీ ఎనిమిది గుత్తులకి కిందికి దిగి ఇంటికొస్తారు. ఆ ఎత్తిన చోట ఏమవుతుందో చెవి పెట్టి విను. మన కచేరీలో ఆధార షడ్జం కచేరీ అయ్యేదాకా కదలదు. ఇక్కడ నేలే పైకి లేస్తుంది.

అలాగని అది ఖరహరప్రియ రాగం మాత్రం కాదు. స్వరాలు అవే, గమకం లేదు, ప్రయోగాలు లేవు. మేళం వేరు, రాగం వేరు అన్నది పుస్తకంలో చదివినదానికన్నా ఈ పాట వింటే నీకు బాగా పట్టుబడుతుంది.

వయొలిన్‌కి లెరాయ్ జెన్‌కిన్స్‌ని విను. షికాగో మనిషి. 1965లో అక్కడ నల్లజాతి సంగీతకారులు కలిసి పెట్టుకున్న ఏఏసీఎం సంఘంలో సభ్యుడు. తర్వాత రెవల్యూషనరీ ఆన్‌సాంబుల్ అని వయొలిన్, బేస్, డ్రమ్స్ ముగ్గురితో వాయించాడు. విల్లుని తీగ మీద గీరుతాడు, నొక్కుతాడు, ఒక్కోచోట ఊపిరంత తేలికగా పెడతాడు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వారు నడిచిన కాలేజీలో చదువుతున్నావు, కమాను పట్టే పద్ధతి మీద మీ దగ్గర వందేళ్ళ పైబడిన పట్టుదల ఉంది. పొద్దున సాధకం పూర్తయ్యాక, సాయంత్రం విను. చెయ్యి ఏమీ పాడవదు. మీ గురువుగారికి కూడా వినిపించు. సంగీతం తెలిసినవాళ్ళు ముందు వద్దన్నా, రెండో నిమిషానికి వేళ్ళతో తాళం చూసుకోవడం నేను నా షాపులో ఎన్నోసార్లు చూశాను.

మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో ‘రిమెంబర్ శక్తి’ బృందంలో వాయించారు. అది ఇంట్లోవాళ్ళకి ముందు పెట్టి చూపించు.

ప్రశ్న: నేను తెలుగు పండితుణ్ణి, రిటైరయ్యాను. మా అబ్బాయి పంపితే ఆర్నెట్ కోల్‌మన్ ‘ఫ్రీ జాజ్’ ఫోన్లో విన్నాను. ముప్ఫై ఏడు నిమిషాల గోల. అబ్బాయి అది గొప్ప రికార్డంటాడు. వాడి మాట తీసెయ్యడం ఇష్టం లేక రాస్తున్నాను. మీరు దీన్ని ఎలా వింటారండీ? – ఒక పాఠకులు, పాలకొండ

జవాబు: అయ్యా, మీరు ముప్ఫై ఏడు నిమిషాలూ విన్నారు. చాలామంది మూడో నిమిషంలో కట్టేస్తారు. అందుకని మీకు పూర్తిగా రాస్తాను.

ముందుగా, ఫోన్ స్పీకరు మీద ఆ రికార్డు వినకూడదు. 1960 డిసెంబర్ 21న దాన్ని పట్టినప్పుడు ఎనిమిదిమందిని రెండు జట్లుగా విడగొట్టారు. ఎడమ వైపు ఒక జట్టు: ఆర్నెట్ కోల్‌మన్ శాక్సఫోన్, డాన్ చెర్రీ ట్రంపెట్, బేస్ స్కాట్ లఫారో, డ్రమ్స్ బిల్లీ హిగిన్స్. కుడి వైపు ఇంకో జట్టు: ఎరిక్ డాల్ఫీ బాస్ క్లారినెట్, ఫ్రెడ్డీ హబ్బర్డ్ ట్రంపెట్, బేస్ చార్లీ హేడెన్, డ్రమ్స్ ఎడ్ బ్లాక్‌వెల్. అందరూ ఒకేసారి, ఆపకుండా వాయించారు. ఫోన్ స్పీకరు ఆ రెండు జట్లనీ ఒకే గంపలో పోసేస్తుంది. మీరు విన్న గోల సగం ఫోనుదే.

ఇయర్‌ఫోన్లు తెప్పించుకోండి. మొదటి రోజు కుడి చెవిది తీసేసి, ఎడమ చెవితో మాత్రం వినండి. నలుగురే ఉంటారు. రెండో రోజు కుడి చెవితో. మళ్ళీ నలుగురే. మూడో రోజు రెండూ పెట్టుకోండి, అప్పటికి మీకు ఎనిమిదిమందీ ముఖపరిచయమై ఉంటారు. నేను స్టీరియో ఆంప్లిఫైయర్ మీద బాలెన్స్ నాబ్ ఇటూ అటూ తిప్పుతూ నేర్చుకున్నాను దీన్ని. ఆ నాబ్ అరిగిపోతే మార్చాను కూడా.

మన వైపు తప్పెటగుళ్ళు చూసే ఉంటారు. ఊరి చివర నుంచి వింటే మొత్తం ఒకటే దడదడ. దగ్గరికి వెళ్ళి ఒక్క మనిషి పక్కన నిలబడి, అతని గుండెల మీద రేకు తప్పెట మీదే చూపు పెడితే, అతను ఎక్కడ అందరితో కలుస్తున్నాడో ఎక్కడ విడిపోతున్నాడో తెలుస్తుంది. తర్వాత కళ్ళు పక్కవాడి మీదికి వాటంతట అవే వెళ్తాయి. ఇదీ అంతే. ఒక్కొక్కరూ వంతులవారీగా ముందుకొస్తారు, మిగతావాళ్ళు వెనక నుంచి మాట అందిస్తారు, ఒక్కోసారి మధ్యలో అడ్డొస్తారు కూడా. ఇద్దరు బేస్‌వాళ్ళ వంతు వచ్చినప్పుడు జాగ్రత్తగా వినండి. హేడెన్ కింద నేలలా ఉంటాడు, లఫారో తీగ మీద పైకి పరుగెత్తుతూ ఉంటాడు. నాకు ఆ రికార్డులో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అది.

అయితే మీరు పండితులు కాబట్టి, దాని కన్నా ముందు మీ చేత వినిపించాలనుకునేది ఇంకొకటి ఉంది. జాన్ కోల్ట్రేన్ ‘ఎ లవ్ సుప్రీమ్’, 1964 డిసెంబర్ 9న పట్టిన రికార్డు. దాని చివరి భాగం పేరు ‘సామ్’, అంటే కీర్తన లాంటిది. కోల్ట్రేన్ దేవుడి మీద ఒక కవిత రాసుకుని అట్ట లోపల అచ్చు వేయించాడు. ఆ చివరి భాగంలో ఆయన శాక్సఫోన్ మీద వాయించేది ఆ కవితే, మాట వెంట మాట, అక్షరానికి అక్షరం. తాళం లేదు. వెనక డ్రమ్స్ ఉరుముతూ ఉంటాయి. కవిత కాగితం ముందు పెట్టుకుని వేలితో పంక్తి పట్టుకుంటూ వెళ్తే, శాక్సఫోన్ ఏ మాట దగ్గర ఉందో మీరు చెప్పగలరు. మన నాటకాల్లో పద్యం ఎలా చదువుతారో మీకు తెలుసు. మాట ముగిసినా రాగం సాగుతుంది, యతి దగ్గర ఊపిరి పీల్చుకుంటారు, చివరి పాదం దగ్గర గొంతు దించుతారు. అచ్చంగా అదే పని ఆయన ఇత్తడి గొట్టంతో చేశాడు. మా షాపుకి వచ్చే ఒక స్టేజీ హార్మోనిస్టుకి ఇది ఒకసారి వినిపిస్తే, అయిపోయాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ఈయన ఏ పద్యం చదివాడు’ అని అడిగాడు. అప్పటికి కవిత సంగతి నేనతనికి చెప్పలేదు.

అక్కడి నుంచి ఆర్నెట్ దగ్గరికి మళ్ళీ రండి. అబ్బాయికి నా ఆశీస్సులు చెప్పండి.

ప్రశ్న: జపాన్ రికార్డులు అంత ఖరీదు ఎందుకు? పక్కన కాగితం పట్టీ ఉంటే ఇంకా ఎక్కువ చెప్తున్నారు. అసలు జపాన్ వాళ్ళకి జాజ్‌తో సంబంధమేంటి? – ఒక పాఠకుడు, రాజాం

జవాబు: ఆ పట్టీని ఓబి అంటారు. కిమోనో మీద నడుముకి కట్టే పట్టీ పేరే దానికీ పెట్టారు. అట్టకి ఎడమ వైపు చుట్టి, మీద జపనీస్‌లో పేరు, ధర అచ్చు వేస్తారు. కొన్నవాళ్ళలో చాలామంది చించి పారేస్తారు కాబట్టి మిగిలినవాటికి గిరాకీ. పాటకి దానితో ఏ సంబంధమూ లేదు. మీరు వినడానికి కొంటుంటే ఓబి లేనిదే కొనండి, ఆ మిగిలిన డబ్బుతో ఇంకో రికార్డు వస్తుంది. జపాన్ అచ్చుల్లో నిజంగా మెచ్చుకోవాల్సింది నిశ్శబ్దం. సూది దించాక పాట మొదలయ్యే లోపు చిటపటలు వినపడవు. బేస్ తీగ లాగి వదిలాక ఆ శబ్దం ఎక్కడ ఆరిపోతుందో చివరిదాకా వినిపిస్తుంది.

సంబంధం సంగతి. యుద్ధం తర్వాత అమెరికా రికార్డులు అక్కడ మామూలు మనిషి కొనగలిగే ధరలో ఉండేవి కావు. అందుకని జాజ్ కిస్సాలు, అంటే జాజ్ కాఫీ హోటళ్ళు, బాగా వ్యాపించాయి. కాఫీ ఒక్కటి తీసుకుని, గంటల తరబడి మంచి స్పీకర్ల ముందు కూర్చోవచ్చు. చాలాచోట్ల మాట్లాడకూడదు. యొకొహామాలోని చిగుసా 1933లోనే తెరిచారు. 1945 బాంబు దాడుల్లో దాని ప్లేట్లు కాలిపోయాయి, తర్వాత మళ్ళీ మొదలుపెట్టారు. మా బావ అలాంటి ఒకదానికి వెళ్ళి వచ్చి, ‘గుడిలో కూర్చున్నట్టు కూర్చున్నార్రా అందరూ’ అని చెప్పాడు. 1966 జులైలో కోల్ట్రేన్ జపాన్ వెళ్ళినప్పుడు ఒక్క ‘మై ఫేవరిట్ థింగ్స్’నే గంటకి కాస్త తక్కువసేపు వాయించాడు. మరుసటి ఏడాది జులైలోనే పోయాడు. ఆ కచేరీల రికార్డులు ఉన్నాయి, ఓపిక చేసుకుని వినండి.

ఇక వాళ్ళ సొంత వాద్యగాళ్ళు. మొదలుపెట్టడానికి త్రీ బ్లైండ్ మైస్ అనే చిన్న కంపెనీ. 1970లో పెట్టారు. త్సుయోషి యమమోటో పియానో ‘మిడ్‌నైట్ షుగర్’, ఇసావో సుజుకి బేస్ ‘బ్లో అప్’ తేలిగ్గా చెవికెక్కుతాయి. సప్పోరో మనిషి ర్యో ఫుకుయి ఇరవై రెండేళ్ళ వయసులో పియానో ముట్టుకుని, సొంతంగా నేర్చుకుని, 1976లో ‘సీనరీ’ ఇచ్చాడు. తొషికో అకియొషి ‘కొగున్’ 1974లో వచ్చింది. యుద్ధం అయిపోయిందని తెలియక ఫిలిప్పీన్స్ అడవిలో దాదాపు ముప్ఫై ఏళ్ళు ఉండిపోయిన సైనికుడి మీద కట్టిన పాట. పెద్ద జాజ్ బ్యాండు మధ్యలో నో అనే జపాన్ సంప్రదాయ నాటకం వాళ్ళ డ్రమ్ము, ఆ అరుపూ వస్తాయి. రెండూ ఒకదానికొకటి లొంగవు, అందుకే నాకిష్టం.

నా మనసులో మాత్రం ఒక మనిషి వేరుగా ఉంటాడు. మసహికొ తొగాషి, డ్రమ్మర్. 1970లో రెండు కాళ్ళూ పనిచేయకుండా పోయాయి. డ్రమ్మర్‌కి కాళ్ళు ఏమిటో ఆలోచించండి. పెద్ద డ్రమ్ము కుడికాలిది, తాళాల జోడు ఎడమకాలిది. ఆయన వాద్యాల అమరికనే మార్చుకుని, చేతులతోనే వాయించడం మొదలుపెట్టాడు. 1975లో వచ్చిన ‘స్పిరిచువల్ నేచర్’ వినండి. దెబ్బకీ దెబ్బకీ మధ్య జాగా ఉంటుంది. సదావో వతనబే పిల్లనగ్రోవి ఆ జాగాలోకి వస్తుంది. తొందర అనేది ఎక్కడా లేదు. మా ఇంట్లో మా ఆవిడకి జాజ్‌లో నచ్చిన మొదటి రికార్డు అదే. రాత్రి అన్నాలయ్యాక వీధి తలుపు వేసి పెట్టుకుంటాం.

ప్రశ్న: సముద్రం గాలికి అట్టలన్నీ బూజు పడుతున్నాయి. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, కవిటి

జవాబు: అమ్మా, 2018లో వచ్చిన తిత్లీ తుఫాను తర్వాత మీ వైపు నుంచి ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వచ్చాయి. నా సంగతి చెప్తాను. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు మా కిటికీ ఊడిపోయి నీళ్ళు కింది అరలోకి దిగాయి. కరెంటు రోజుల తరబడి లేదు. దీపం పెట్టుకుని నలభై రెండు రికార్డులు ఒక్కొక్కటీ అట్టలోంచి లాగాను. అట్టలు ముద్దయిపోయాయి, పుస్తకాల్లా అతుక్కుపోయాయి. ప్లేట్లకి మాత్రం ఏమీ కాలేదు. ఆ ప్లేట్లు చేసే వినైల్ ప్లాస్టిక్ నీళ్ళకి చెడదు. వాటికి తెల్ల అట్టలు కుట్టి, మీద పేర్లు చేత్తో రాసి పెట్టుకున్నాను. ఇప్పటికీ బాగా పలుకుతున్నాయి.

బూజు పట్టిన ప్లేటుని బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క కలిపి, మెత్తటి గుడ్డతో గాడి వెంట గుండ్రంగా తుడవండి. అడ్డంగా తుడవద్దు. మధ్యలో కాగితం లేబుల్ తడవకూడదు. మళ్ళీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి, గిన్నెల స్టాండులో నీడన ఆరబెట్టండి. ఎండలో పెడితే వంకర పోతుంది. అరలో నిలబెట్టి ఉంచండి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టొద్దు. అరని గోడకి నాలుగు వేళ్ళ ఎడంగా, నేల నుంచి మోకాలెత్తున పెట్టండి. బిగుతు ప్లాస్టిక్ కవర్లు తీసేయండి, తడి లోపలే ఉండిపోతుంది. అన్నిటికన్నా మంచి మందు, నెలకోసారి ప్రతి రికార్డూ బయటికి తీసి వినడమే. గాలి తగులుతుంది.

ప్రశ్న: తాతగారి ట్రంకు పెట్టెలో 78 ప్లేట్లు దొరికాయి. తెలుగు పద్యాలతో పాటు కొన్ని ఇంగ్లీషు డాన్సువి ఉన్నాయి. స్పిరిట్‌తో తుడవొచ్చా? – ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: వద్దు! స్పిరిట్ చుక్క కూడా తగలనివ్వకండి. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పాత ప్లేట్లు లక్కతో చేసినవి. స్పిరిట్‌లో లక్క కరిగించే వడ్రంగులు బల్లలకి పాలిష్ పెడతారు, ఆ పని మీ ప్లేటుకి జరుగుతుంది. మామూలు రికార్డు సూదితో కూడా పెట్టొద్దు. 78కి గాడి వెడల్పు, దానికి వేరే లావు సూది కావాలి. డాన్సు ప్లేట్లలో టెడ్డీ వెదర్‌ఫర్డ్ పేరు ఉంటే నాకు వెంటనే రాయండి. అమెరికా నుంచి వచ్చి యుద్ధకాలంలో కలకత్తా హోటల్లో పియానో వాయించి, అక్కడే రికార్డులిచ్చి, 1945లో అక్కడే కలరాతో పోయిన మనిషి. కలకత్తా మెయిల్లో ఆ ప్లేట్లు మన ఊళ్ళకి వచ్చి ఉండడంలో వింతేమీ లేదు.

ప్రశ్న: మా వారు పోయి ఎనిమిది నెలలైంది. ఆయన రికార్డులు రెండు బీరువాలున్నాయి. నాకు అవి తెలియవు. పాత సామాన్లవాడు కిలోల లెక్కన అడుగుతున్నాడు. అట్టల వెనక మా వారు పెన్సిల్‌తో ఏవేవో తేదీలు రాసుకున్నారు. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, ముందు ఆ సామాన్లవాణ్ణి రావద్దనండి.

ఆ తేదీలు ఆయన ఆ రికార్డు విన్న రోజులు అయ్యుంటాయి. నేనూ అలాగే రాస్తాను, నోటు పుస్తకంలో. మీకు వీలైతే ఒక్కో అట్ట వెనక తేదీలు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. ఏ రికార్డు మీద ఎక్కువ తేదీలున్నాయో అవి విడిగా పెట్టండి. అవి అమ్మొద్దు. పెళ్ళిరోజు, పిల్లల పుట్టినరోజులు ఏమన్నా వాటిలో ఉన్నాయేమో మీకే తెలుస్తుంది, ఇంకెవరికీ తెలియదు.

మిగతావి అమ్మాలనుకుంటే తొందర లేదు. పాట అయిపోయాక లేబుల్ చుట్టూ నున్నటి జాగా ఉంటుంది, వెలుతురులో వంచి చూడండి. అక్కడ ఆర్, వీ, జీ అని మూడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి ఉంటే, అది రూడీ వాన్ గెల్డర్ అనే రికార్డింగు ఇంజనీరు స్వయంగా కోసిన అచ్చు. అవి వేరే వరసలో పెట్టండి. కాగితం పట్టీలున్నవి ఇంకో వరస. పట్టీలు చిరగకుండా చూడండి.

అన్నట్టు, మీకు తెలియవన్నారు గాని ఆయన పెట్టినప్పుడు వంటింట్లోకి వినబడేవి కదా. అమెరికా జాజ్ బ్యాండు నాయకుడు డ్యూక్ ఎల్లింగ్టన్ ‘ఫార్ ఈస్ట్ సూట్’ అన్నది ఉంటే తీసి ఉంచండి. 1963లో ఆయన బృందం మన దేశం వచ్చినప్పుడు, ఢిల్లీలో ఉండగా ఒక గోరువంక కూత విని కట్టిన పాట అందులో ఉంది. ఆ గోరువంకని క్లారినెట్ మీద వాయిస్తారు, మన పెళ్ళి బ్యాండు మేళం క్లారినెట్టే. మీరు గుర్తుపడతారని నా నమ్మకం.

వచ్చే నెల రెండో ఆదివారం నేను శ్రీకాకుళం వస్తున్నాను. మా ఆవిడ కూడా వస్తుంది. కొత్త సూది, స్ట్రోబ్ డిస్కు, బెల్టులు తెస్తాను. మీవారి ప్లేయరు ఎన్నాళ్ళుగా తిప్పలేదో పత్రిక ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పండి, నూనె కూడా పట్టుకొస్తాను.